ముడతలకు రెటినాల్: మొదలుపెట్టే పద్ధతి

వయసుతో చర్మంలో కొలాజెన్ (చర్మాన్ని బిగుతుగా ఉంచే ప్రొటీన్) తగ్గుతుంది, చెంపల్లో కొవ్వు కరుగుతుంది, దవడ ఎముక కూడా అరుగుతుంది. జారిన చెంపను ఏ క్రీమూ ఎత్తలేదు. సన్నని ముడతలకు మాత్రం రెటినాల్ (విటమిన్ ఎ రూపం) నిజంగా పనిచేస్తుంది.

రాత్రి ముఖం కడిగి, పూర్తిగా ఆరాక, రెటినాల్ 0.3 శాతం మించని క్రీము బఠాణీ గింజంత తీసుకుని పలుచగా రాయండి. కనురెప్పలు, ముక్కు అంచులు, పెదవుల మూలలు వదిలేయాలి. పైన మాయిశ్చరైజర్. మొదట వారానికి రెండు రాత్రులే! తొందరపడి రోజూ రాస్తే పొట్టు లేచి, మంట పుట్టి, ట్యూబు మూలన పడుతుంది. మంట వస్తే ఆపి, తగ్గాక మళ్లీ మొదలుపెట్టండి. తేడా కనిపించడానికి సుమారు 12 వారాలు పడుతుంది. గర్భిణులు వాడకూడదు.

పగలు ఎస్‌పీఎఫ్ (ఎండ నుంచి రక్షణ కొలత) 30కి తగ్గని సన్‌స్క్రీన్ ముఖానికి, మెడకు రెండు వేళ్ల పొడవున తీసుకుని రాయాలి. ఎండలో ఉంటే రెండు గంటలకోసారి మళ్లీ.