ఐబీపీఎస్ దరఖాస్తు: ఫొటో, సంతకం సాగిపోకుండా, మసకబారకుండా అప్‌లోడ్ చేయడం ఎలా?

గ్రామీణ బ్యాంకు పోస్టులకు నోటిఫికేషన్ పడిందంటే అమలాపురం, రాజోలు, పాలకొల్లు, భీమవరం నెట్ సెంటర్లు కిటకిటలాడతాయి. మన వైపు ఉన్న చైతన్య గోదావరి గ్రామీణ బ్యాంకు 2025 మే 1 నుంచి మిగతా మూడింటితో కలిసి ఆంధ్రప్రదేశ్ గ్రామీణ బ్యాంకు అయింది. బ్యాంకు పేరు మారింది కానీ, దరఖాస్తు మాత్రం మునుపటిలా బ్యాంకు ఉద్యోగాల పరీక్షలు నడిపే ఐబీపీఎస్ వెబ్‌సైట్‌లోనే. చదువు, కేటగిరీ, చిరునామా నింపడం పెద్ద పనేం కాదు. అసలు టెన్షన్ అప్‌లోడ్ పేజీ దగ్గర మొదలవుతుంది.

అక్కడ నాలుగు ఫైళ్లు అడుగుతారు, నాలుగూ జేపీజీలోనే ఉండాలి. ఫొటో 200 × 230 పిక్సెళ్లు, 20 నుంచి 50 కేబీ. సంతకం 140 × 60, 10 నుంచి 20 కేబీ. ఎడమ బొటనవేలి ముద్ర 240 × 240, 20 నుంచి 50 కేబీ. చేత్తో రాసిన ప్రకటన (డిక్లరేషన్) 800 × 400, 50 నుంచి 100 కేబీ. ఈ మధ్య వీటికి తోడు కెమెరా ముందు కూర్చోబెట్టి లైవ్ ఫొటో కూడా తీస్తున్నారు. దానికి సైజుల గొడవ లేదు. నోటిఫికేషన్‌కీ నోటిఫికేషన్‌కీ అంకెలు మారొచ్చు కాబట్టి, ఈసారి ఇచ్చిన సూచనల పేజీ ఒకసారి చూసుకున్నాకే మొదలుపెట్టండి.

ఫోన్‌లో తీసిన ఫొటో మామూలుగా 3000 × 4000 ఉంటుంది. దాన్ని తిన్నగా రీసైజ్‌లో పెట్టి, రేషియో లాక్ (వెడల్పు, ఎత్తు ఒకే నిష్పత్తిలో మారేలా చూసే గుర్తు) తీసేసి, 200, 230 అని కొట్టేస్తే సైజు సరిపోతుంది, మొహం మాత్రం అడ్డంగా సాగుతుంది. మనిషి ఒక్కసారిగా ఒళ్లు చేసినట్టు కనబడతాడు. రద్దీ ఉన్న సెంటర్లలో జరిగేది చాలాసార్లు ఇదే. పరీక్ష రోజున కాల్ లెటర్ మీద ఫొటోనీ ఎదురుగా ఉన్న మనిషినీ పోల్చి చూసేవాళ్లకు అనుమానం వస్తే ఇబ్బంది మీకే.

అందుకే ముందు కత్తిరింపు, తర్వాతే కుదింపు. 200కి 230 అంటే 20:23 నిష్పత్తి. అసలు ఫొటోలో మొహం, భుజాలు వచ్చేలా 2000 × 2300 ముక్క కట్ చేసుకోండి. అప్పుడు లాక్ వేసే ఉంచి వెడల్పు 200 అని కొడితే ఎత్తు దానంతటదే 230కి వచ్చి కూర్చుంటుంది. రాకపోతే కటింగ్ తప్పిందన్నమాట, వెనక్కి వెళ్లి మళ్లీ కట్ చేయండి. లాక్ మాత్రం తీయకండి. విండోస్‌తో వచ్చే పెయింట్‌లో కంట్రోల్, డబ్ల్యూ కలిపి నొక్కితే రీసైజ్ పెట్టె వస్తుంది. నా ఓటు మాత్రం ఇర్ఫాన్‌వ్యూ అనే ఫొటో సాఫ్ట్‌వేర్‌కే. ఇంట్లో వాడుకోవడానికి ఉచితం, పాత కంప్యూటర్ మీద కూడా చకచకా నడుస్తుంది. కస్టమ్ క్రాప్ సెలక్షన్‌లో అంకెలు ఇచ్చి కట్ చేసుకోవచ్చు. సేవ్ చేసేటప్పుడు క్వాలిటీ ఎంత ఉండాలో కూడా అడుగుతుంది. కేబీల సంగతి తేలేది ఆ క్వాలిటీ దగ్గరే. 90తో మొదలుపెట్టి, 50 కేబీ దాటితే తగ్గించండి, 20 లోపు పడితే పెంచండి. ప్రతిసారీ పెద్ద ఫొటో నుంచే మళ్లీ చేయాలి. ఒకసారి కుదించిన జేపీజీని తెరిచి మళ్లీ సేవ్ చేస్తూ పోతే ప్రతి సేవ్‌కీ కొంత వివరం పోతుంది, కళ్ల చుట్టూ గళ్లుగళ్లుగా తయారవుతుంది.

ఫొటో తీసేటప్పుడే జాగ్రత్త పడితే సగం పని తప్పుతుంది. కోనసీమలో పెరట్లో ఎక్కడ నిలబడ్డా కొబ్బరాకుల నీడ మొహం మీద చారలుగా పడుతుంది. కంటికి అంతగా తెలియదు గానీ, 200 పిక్సెళ్లకు కుదించాక ఆ చారలు మచ్చల్లా మిగులుతాయి. వీధి అరుగు మీద, ఎండ తిన్నగా తగలని చోట, తెల్ల గోడకు కాస్త ఎడంగా నిలబడితే చాలు. టోపీ, చలువ కళ్లద్దాలు వద్దు. మామూలు కళ్లజోడు ఉంటే అద్దాల్లో వెలుగు మెరవకుండా చూసుకోండి.

ఇక సంతకం. చాలామందికి దిమ్మతిరిగేది ఇక్కడే, ఎందుకంటే ఇక్కడ ఫైల్ పెద్దదై కాదు, మరీ చిన్నదై ఆగిపోతుంది. 140 × 60 అంటే మొత్తం 8,400 పిక్సెళ్లు. ఏమాత్రం కుదించకపోయినా 25 కేబీ ఉంటుంది. అందులో ముప్పాతిక భాగం తెల్ల కాగితమే కాబట్టి, జేపీజీ చేయగానే 10 కేబీ కిందికి జారిపోతుంది. ముందు క్వాలిటీ 100కి పెట్టి చూడండి. అప్పటికీ చాలకపోతే 280 × 120కి వెళ్లండి. నిష్పత్తి అదే 7:3, సంతకం సాగదు. ఐబీపీఎస్ 140 × 60ని ఇలా ఉంటే మంచిదన్నట్టుగానే చెబుతోంది, కేబీల హద్దు మాత్రం దాటనివ్వదు. అయితే 140కి కుదించేసినదాన్నే 280కి లాగకండి, అసలు స్కాన్ నుంచి మళ్లీ తీయండి. సంతకం నల్ల ఇంకుతో, తెల్ల కాగితం మీద చేయాలి. అన్నీ క్యాపిటల్స్‌లో చేస్తే ఒప్పుకోరు. పరీక్ష హాల్లో చేయబోయే సంతకమే ఇక్కడా చేయండి.

వేలిముద్రకు నలుపు గానీ నీలం గానీ ఇంకు. ముసురు పట్టిన రోజుల్లో కాగితం చెమ్మగిల్లి ఇంకు పాకుతుంది, గీతలు కలిసిపోతాయి. వేలు పొడిగా తుడుచుకుని, ప్యాడ్ మీద తేలిగ్గా అద్ది, కాగితం మీద ఒక్కసారే నొక్కి తీసేయండి. స్కానర్‌లో 200 డీపీఐ (అంగుళానికి 200 చుక్కలు) పెట్టి 3 సెంటీమీటర్ల చదరం తీస్తే ఇంచుమించు 240 పిక్సెళ్లు వస్తాయి. ప్రకటనకూ అదే లెక్క, 10 × 5 సెంటీమీటర్లు. స్కాన్ అయిపోయిన ఫైల్‌లో డీపీఐ అంకె మార్చినంత మాత్రాన బొమ్మలో వివరం పెరగదు, అది ప్రింటుకు పనికొచ్చే గుర్తు మాత్రమే. ప్రకటన ఇంగ్లిష్‌లోనే, ఇచ్చిన మాటలు ఇచ్చినట్టే, మీ చేత్తోనే రాయాలి. దస్తూరీ బాగుంటుందని చెల్లెలి చేత రాయించకండి. ఇక్కడా అన్నీ క్యాపిటల్స్ పనికిరావు.

ఫోన్‌లోంచి కంప్యూటర్‌కు పంపేటప్పుడు వాట్సాప్‌లో మామూలు ఫొటోలా పంపితే అది తనంతట తానే కుదించేస్తుంది. డాక్యుమెంట్‌గా పంపండి, లేదా కేబుల్ పెట్టండి. ఐఫోన్ అయితే కెమెరా సెట్టింగ్స్‌లో ఫార్మాట్స్‌కు వెళ్లి మోస్ట్ కంపాటిబుల్ ఎంచుకుంటే జేపీజీలోనే తీస్తుంది.

అప్‌లోడ్ అయ్యాక ప్రివ్యూలో ఏ పెట్టెలో ఏది పడిందో చూడండి. ఫొటో ఉండాల్సిన చోట సంతకం పడటం మరీ అరుదేం కాదు. తప్పుంటే చివరి సబ్మిట్ నొక్కకముందే సరిచేసుకోండి. అదే ఫొటో కాపీలు కొన్ని ప్రింట్ తీయించి పెట్టుకోండి, కాల్ లెటర్‌కు అంటించాల్సింది వాటినే.