ఉప్పు చల్లిన రోడ్లకు రోడ్ బైక్‌ను సిద్ధం చేయడం

హైదరాబాద్‌లో నవంబరు వచ్చిందంటే రోడ్ బైక్, అంటే సన్నని టైర్ల వేగపు సైకిల్, తొక్కేవాళ్లకు పండగే. వానలు వెళ్లిపోతాయి, పొద్దున్నే గాలి చల్లగా ఉంటుంది. అక్కడి అలవాటుతో బ్రిటన్ వచ్చినవాళ్లు ఇక్కడి చలికాలానికి మంచి జాకెట్, గ్లౌజులు కొనుక్కుని సిద్ధమైపోయామనుకుంటారు. ఒంటి సంగతి బట్టలు చూసుకుంటాయి. సైకిల్‌ను పట్టించుకోకపోతే మాత్రం మార్చి నాటికి చైన్, బ్రేకు ప్యాడ్లు, బేరింగులు, ఒక్కోసారి రిమ్ములు కూడా మార్చుకోవాల్సి వస్తుంది.

దీనికి కారణం చలి కాదు, ఉప్పు. రోడ్డు ఉపరితలం సున్నా డిగ్రీల దగ్గరికి దిగుతుందని తెలిస్తే చాలు, రాత్రికి రాత్రే లారీలు బయల్దేరి ముఖ్యమైన రోడ్లన్నిటి మీదా రాతి ఉప్పు చల్లుతాయి. గోధుమరంగులో గరుకుగా ఉండే ఈ ఉప్పులో చాలా భాగం చెషైర్‌లోని విన్స్‌ఫర్డ్ గనిలో తవ్వినదే. అది తడిలో కరిగి, చక్రం విసిరిన ప్రతిచోటికీ చేరుతుంది. ఇనుము తుప్పు పడుతుంది, అల్యూమినియం మీద తెల్లని పొడి లేస్తుంది. అల్యూమినియం ముక్క కార్బన్ ఫైబర్‌కో ఉక్కుకో తగిలి ఉన్నచోట ఉప్పునీరు చేరితే ఆ రెండింటి మధ్య చిన్న బ్యాటరీలాంటిది తయారై అల్యూమినియాన్ని తినేస్తుంది. సీటు పోస్టులు ఫ్రేములో ఇరుక్కుపోయి ఎంత లాగినా రాకపోవడం వెనకున్న కథ ఇదే. విశాఖలో బీచ్ రోడ్డు పక్కన ఉండే ఇళ్ల గ్రిల్స్ చూసినవాళ్లకు ఉప్పు చేసే పని వేరే చెప్పక్కర్లేదు.

కాబట్టి పని మూడు రకాలు: నీళ్లు తగలకుండా చూడటం, తగిలే చోట్ల ముందే గ్రీజు పట్టించడం, తిరిగొచ్చాక కడగడం. మొదటి రెండూ అక్టోబరు చివరి ఆదివారం గడియారాలు గంట వెనక్కి తిప్పేలోపు పూర్తిచేసుకోవాలి.

మడ్‌గార్డులు

రోడ్ బైక్‌కు మడ్‌గార్డులా అని మొహం చిట్లించేవాళ్లున్నారు. చలికాలానికి ఒకే ఒక్క వస్తువు కొనగలిగితే అదే కొనాలి. మీ వీపు తడవకపోవడం ఒక లాభం. అసలు లాభం వేరే ఉంది: ముందు చక్రం విసిరే నీళ్లు నేరుగా బాటమ్ బ్రాకెట్ (పెడళ్ల ఇరుసు తిరిగే చోటు), ముందు డీరైలర్ (గేరు మార్చేటప్పుడు చైన్‌ను జరిపేది), చైన్, మీ పాదాల మీద పడతాయి. వెనక చక్రం విసిరేవి సీటు పోస్టు క్లాంపు దగ్గరి సందులోంచి ఫ్రేములోకి దిగుతాయి.

కొనేముందు టైరుకూ ఫోర్కుకూ మధ్య, టైరుకూ బ్రేకుకూ మధ్య ఎంత ఖాళీ ఉందో కొలవండి. మడ్‌గార్డు బిగించాక కూడా టైరు పైన కనీసం 5, 6 మిల్లీమీటర్లు మిగలాలి. అంతకంటే తక్కువుంటే తడి ఆకులు, బురద ఇరుక్కుని రోజంతా గీసుకుంటూనే ఉంటాయి. వెడల్పు టైరు కంటే 7 నుంచి 10 మిల్లీమీటర్లు ఎక్కువుండాలి, అంటే 28 మిల్లీమీటర్ల టైరుకు 35 తక్కువ కాకుండా. పాత రేసు బైకుల రిమ్ బ్రేకులకు, అంటే చక్రం అంచును రెండు పక్కలా నొక్కి ఆపేవాటికి, చేయి పొట్టిగా ఉంటుంది. వాటి కింద 28 టైరూ మడ్‌గార్డూ రెండూ పట్టవు. 25కో 23కో దిగాలి, లేదా 47–57 మిల్లీమీటర్ల పొడవు చేతి బ్రేకులు వేయించుకోవాలి.

ఫ్రేముకు, ఫోర్కుకు బోల్టు రంధ్రాలుంటే పూర్తి పొడవు మడ్‌గార్డులే వేయండి. లేకపోతే రబ్బరు పట్టీలతో బిగించేవి దొరుకుతాయి. కాకపోతే వాటికి బ్రేకు దగ్గర మధ్యలో ఖాళీ వదిలేస్తారు, ఆ ఖాళీలోంచే నీళ్లు హెడ్‌సెట్ (హ్యాండిల్ తిరిగే చోటి బేరింగులు) కింది బేరింగును తడుపుతాయి. అయినా ఏమీ లేనిదానికంటే ఇవి వెయ్యి రెట్లు నయం.

ముందు మడ్‌గార్డు కడ్డీలకు ఒత్తిడి పడితే ఊడిపోయే ప్లాస్టిక్ క్లిప్పులు ఉండి తీరాలి. పుల్లముక్క ఏదైనా టైరుకూ మడ్‌గార్డుకూ మధ్య చిక్కితే, క్లిప్పు ఊడిరాకపోతే ముందు చక్రం ఉన్నపళంగా ఆగిపోతుంది, మీరు హ్యాండిల్ మీంచి ఎగిరిపడతారు. కడ్డీలు ఎక్కువ పొడవుంటే హ్యాక్‌సా బ్లేడుతో కోసి, కొనకు రబ్బరు టోపీ తొడగండి. బోల్టులకు నీలం రంగు థ్రెడ్‌లాక్, అంటే మర వదులవకుండా పట్టే జిగురు, ఒక్క చుక్క పెట్టండి. అది లేకపోతే రోడ్డు అదురుకు రెండు వారాల్లో వదులవుతాయి.

అంతా అయ్యాక పెడల్ మీద బూటు పెట్టి, పెడల్ ముందుకొచ్చిన స్థితిలో హ్యాండిల్ పూర్తిగా తిప్పి చూడండి. చిన్న ఫ్రేముల్లో బూటు ముందుభాగం మడ్‌గార్డుకు తగులుతుంది. మెల్లగా వెళుతూ మలుపు తిప్పేటప్పుడు పడిపోవడానికి అది చాలు. ఎక్కడ తగులుతోందో ఇంటి దగ్గరే తెలుసుకోండి.

ముందు మడ్‌గార్డు కొసకు, నేలకు ఓ 7, 8 సెంటీమీటర్ల ఎత్తు వరకూ వేలాడే రేకు తగిలించండి. ఖాళీ పాలసీసా ప్లాస్టిక్కును కత్తిరించి రెండు బోల్టులతో బిగించినా సరిపోతుంది. వెనకదానికి కూడా పెడితే మీ వెనక వచ్చేవాళ్ల ముఖం మీద బురద పడదు. గుంపుగా వెళ్లేటప్పుడు ఇది మర్యాద.

టైర్లు

పంక్చర్లు చలికాలంలో ఎక్కువవడానికి రెండు కారణాలు. వాన నీళ్లు చెకుముకిరాళ్ల ముక్కల్ని రోడ్డు మీదికి కొట్టుకొస్తాయి. పైగా తడి రబ్బరును రాయి సులువుగా కోస్తుంది, నీళ్లు అక్కడ నూనెలా పనిచేస్తాయి. రెండోది ముళ్లు. ఇంగ్లండ్‌లో పొలాల గట్ల కంచెల్ని మార్చి నుంచి ఆగస్టు దాకా కత్తిరించకూడదు, పక్షులు గూళ్లు పెట్టుకునే కాలమని. సెప్టెంబరులో ఆ నిషేధం తీరుతుంది. ఇక రైతులు యంత్రాలతో కత్తిరించినప్పుడల్లా హాథార్న్ ముళ్లు పల్లె దారుల నిండా పరుచుకుంటాయి. తాజాగా కత్తిరించిన కొమ్మలు దారి మీద కనిపిస్తే దిగి, నడిపించుకుంటూ వెళ్లడానికి నామోషీ పడకండి.

ఫ్రేములో పడితే 28, ఇంకా చోటుంటే 30 లేదా 32 వేయండి. వేసవి రేసు టైర్లు తీసి పక్కన పెట్టి, నడుమ రక్షణ పట్టీ ఉండి తడిలో పట్టునిచ్చే రబ్బరుతో చేసిన నాలుగు కాలాల టైర్లు వేయండి. కాంటినెంటల్ వారి ఫోర్ సీజన్ ఈ తరహాదే. మరీ మందంగా ఉండే పంక్చరు రక్షణ టైర్లు బరువైన ఇనుములా నడుస్తాయి, తడిలో పట్టు కూడా తక్కువ. రోజూ ఒకే దారిలో ఆఫీసుకు వెళ్లేవాళ్లకు తప్ప అవి అక్కర్లేదు.

గాలి విషయంలో చాలామంది పొరబడతారు. 75 కిలోల మనిషికి 28 టైరులో ముందు 65, వెనక 70 పీఎస్‌ఐ (గాలి ఒత్తిడి కొలత) మొదలుపెట్టడానికి మంచి అంకె. తడి రోజుల్లో దాన్నుంచి ఇంకో 5 తగ్గించవచ్చు. ఇంట్లో 20 డిగ్రీల వెచ్చదనంలో 70 కొడితే, బయట 2 డిగ్రీల చలిలో అదే టైరులో సుమారు 65 మాత్రమే ఉంటుంది. గాలి ఎక్కడికీ పోలేదు, చల్లబడి ముడుచుకుంది. అందుకే సైకిల్ ఎక్కడ తొక్కుతారో ఆ చలిలోనే కొట్టి, కొలవండి. టైరును పట్టి ఉంచే కొక్కెం అంచు లేని (హుక్‌లెస్) రిమ్ములున్నవాళ్లు ఏ కాలంలోనైనా 5 బార్లు, అంటే సుమారు 72 పీఎస్‌ఐ, దాటకూడదు.

ట్యూబ్‌లెస్ అయితే పాత సీలెంట్ (చిల్లులు పూడ్చే ద్రవం) ఎండిందేమో చూసి, 28 టైరుకు 30 నుంచి 40 మిల్లీలీటర్లు కొత్తది పోయండి. వేసవిలో పోసినది ఇప్పటికి ఎండి పొరగట్టి ఉంటుంది. ట్యూబు ఉన్నవాళ్లు రెండు అదనపు ట్యూబులు, చిన్న చేతిపంపు వెంట ఉంచుకోండి. పంక్చరైతే కొత్త ట్యూబు వేసేముందు టైరు లోపల గుడ్డతో నిదానంగా తుడుస్తూ ముల్లు దొరికేదాకా వెతకాలి. చలికి మొద్దుబారిన వేళ్లతో ఈ పని తొందరపడి వదిలేసి, అర కిలోమీటరులో మళ్లీ ఆగేవాళ్లే ఎక్కువ.

బ్రేకులు

రిమ్ బ్రేకులకు చలికాలం నిజంగా కష్టకాలం. ఇసుక, ఉప్పు కలిసిన ముద్ద ప్యాడుకూ రిమ్ముకూ మధ్య గరుకు కాగితంలా రుద్దుతుంది. ప్యాడులో గుచ్చుకున్న అల్యూమినియం తునకలు రిమ్ము మీద గీతలు చెక్కుతాయి. వారానికోసారి చక్రం తీసి, ప్యాడు ముఖాన్ని సన్నని కొనతో గోకి ఆ తునకలు తీయండి, గరుకు కాగితంతో రెండు రుద్దులు రుద్దండి. తడిలో సాధారణ నల్ల ప్యాడ్ల కంటే కూల్‌స్టాప్ వారి సాల్మన్ రంగువి రిమ్మును బాగా కాపాడతాయి. రిమ్ము పక్క గోడ మీద అరుగుదల గుర్తు, చిన్న గుంటో గాడో, ఉంటుంది. అది కనిపించకుండా పోయిందంటే ఆ రిమ్ము పని అయిపోయినట్టే. వేలితో తడిమితే లోపలికి వంగినట్టు అనిపించినా అంతే. అలాంటి రిమ్ము గాలి ఒత్తిడికే చీలిపోగలదు.

డిస్క్ ఉన్నవాళ్లకు రిమ్ము బాధ లేదు, ప్యాడ్ల బాధ ఉంది. రెసిన్ ప్యాడ్లు తడి, ఇసుకలో చాలా త్వరగా అరిగిపోతాయి. కొండ దారులైతే ఒక్క తడి రోజులోనే తేడా తెలుస్తుంది. లోహపు ప్యాడ్లు ఎక్కువకాలం వస్తాయి, కొంచెం చప్పుడు చేస్తాయి. అయితే రోటర్, అంటే ప్యాడ్లు నొక్కే డిస్కు, మీద రెసిన్ ప్యాడ్లకు మాత్రమే అని రాసి ఉంటే లోహపువి వేయకూడదు. షిమానో రోటర్ కొత్తగా 1.8 మిల్లీమీటర్లుంటుంది, 1.5కు వస్తే మార్చాలి. ప్యాడులో పదార్థం అర మిల్లీమీటరు మిగిలిందంటే ఇక ఆపండి. కొత్త ప్యాడ్లు వేశాక 25 కిలోమీటర్ల వేగం నుంచి నడక వేగం దాకా ఇరవైసార్లు తగ్గించి కుదిర్చాకే రోడ్డెక్కండి.

గ్రీజు, చైన్

సీటు పోస్టు ఎత్తు ఎక్కడుందో టేపుతో గుర్తుపెట్టి పైకి లాగండి. లోపల నీళ్లుంటే సైకిల్‌ను తలకిందులు చేసి వంపండి, తుడవండి. లోహపు ఫ్రేము, లోహపు పోస్టు అయితే గ్రీజు రాయండి. ఏ ఒక్కటి కార్బన్ అయినా గ్రీజు కాదు, జారకుండా పట్టునిచ్చే కార్బన్ పేస్టు రాయాలి. బాటిల్ పంజరం బోల్టులు, స్టెమ్ (హ్యాండిల్‌ను పట్టి ఉంచే ముక్క) బోల్టులు, పెడల్ మరలు అన్నీ ఒక్కోటి విప్పి మర మీద పలుచగా గ్రీజు పెట్టి బిగించండి. స్టెమ్ బోల్టులకు సాధారణంగా 5 న్యూటన్ మీటర్లు, దాని మీద రాసి ఉన్న అంకె వేరైతే ఆ అంకే. ఎడమ పెడల్‌ది ఎదురు మర అని మరిచి బలంగా తిప్పితే క్రాంకు మర పోతుంది. బాటమ్ బ్రాకెట్ అడుగున నీళ్లు కారే రంధ్రం ఉంటే, అది బురదతో పూడిపోలేదు కదా అని పుల్లతో చూడండి.

చైన్‌కు చలికాలంలో తడి వాతావరణపు నూనె వాడాలి. వేడి మైనం వేసవిలో అద్భుతమే. ఇక్కడ ఒక తడి రైడ్‌కే కడుక్కుపోయి, మర్నాటికి చైన్ ఎర్రబడుతుంది. ప్రతిసారీ విప్పి మళ్లీ మైనంలో ముంచే ఓపిక ఉన్నవాళ్లకు మాత్రమే అది. నూనె వేసేటప్పుడు ఒక్కో రోలరుకు ఒక్క చుక్క, చైన్ లోపలి వైపు నుంచి. పెడల్ ఓ నిమిషం వెనక్కి తిప్పి, పది నిమిషాలు ఆగి, పాత బనియన్ గుడ్డతో బయటంతా పొడిగా తుడిచేయాలి. పని చేసేది రోలర్ల లోపలి నూనె. బయట మిగిలిన నూనె ఇసుకను పట్టి ఉంచే జిగురు మాత్రమే.

చైన్ అరుగుదల కొలిచే గేజు కొనుక్కోండి, ఖరీదేమీ కాదు. 11, 12 స్పీడు చైన్లు 0.5 శాతం, 10 అంతకంటే తక్కువవి 0.75 శాతం సాగితే మార్చాలి. ఆలస్యం చేస్తే ఎన్నో రెట్లు ఖరీదైన క్యాసెట్ (వెనక చక్రం గేర్ల పళ్ల చక్రాలు) కూడా అరిగిపోతుంది.

కడగడం

ఇంటికొచ్చేసరికి చేతులు గడ్డకట్టి ఉంటాయి, ఎప్పుడు లోపలికి వెళ్లి టీ తాగుదామా అనిపిస్తుంది. ఆ పది నిమిషాలే మీ సైకిల్ ఆయుష్షు. సబ్బుతో మెరిపించక్కర్లేదు. మామూలు పైపు నీళ్లతో, ధార గట్టిగా కాకుండా, ఉప్పు పోయేలా పైనుంచి కిందకు పోయండి. బ్రేకులు, ఫోర్కు లోపలి వైపు, మడ్‌గార్డుల అడుగు మరిచిపోవద్దు. ప్రెషర్ వాషర్‌తో హబ్బులు, హెడ్‌సెట్, బాటమ్ బ్రాకెట్ మీద కొట్టారో, సీలు దాటి బేరింగులోకి నీళ్లు మీరే ఎక్కించినట్టు. తర్వాత సైకిల్‌ను రెండు అంగుళాలు ఎత్తి నేలకు తట్టండి, సగం నీళ్లు అలాగే రాలతాయి. చైన్ తుడిచి, నీళ్లను తరిమే స్ప్రే కొద్దిగా గుడ్డ మీద కొట్టి చైన్‌కు, డీరైలర్‌కు రాయండి. నేరుగా కొడితే డిస్కుల మీద పడి బ్రేకులు పాడవుతాయి. ఆరాక నూనె.

కడగకుండా సైకిల్‌ను వెచ్చని గదిలో పెట్టడం అన్నిటికంటే చెడ్డ పని. వెచ్చదనంలో ఉప్పు ఇంకా వేగంగా తింటుంది.

లైట్లు, మంచు

సూర్యాస్తమయం నుంచి సూర్యోదయం దాకా ముందు తెల్ల లైటు, వెనక ఎర్ర లైటు, వెనక ఎర్ర రిఫ్లెక్టరు ఉండాలని ఇక్కడి చట్టం. పెడళ్లకు పసుపు రిఫ్లెక్టర్లు కూడా ఉండాలి, బూటు బిగుసుకునే క్లిప్పు పెడళ్లు వాడేవాళ్లలో చాలామందికి ఇది తెలియదు. వీధి దీపాలున్న ఊళ్లో 100, 200 ల్యూమెన్లు చాలు. చీకటి పల్లె దారికి 400 తక్కువైతే గుంటలు కనపడవు. చలికి బ్యాటరీ త్వరగా దిగిపోతుంది కాబట్టి, పెట్టె మీద రాసిన గంటల్ని నమ్మకుండా వెనక రెండు లైట్లు పెట్టుకోండి. సీటు సంచి, పొడుగాటి జాకెట్ వాటిని కప్పేయకుండా చూసుకోండి.

ఇక గాలి ఉష్ణోగ్రత 3 డిగ్రీలకు దిగిందంటే నీడపట్టు దారుల్లో నల్ల మంచు, అంటే కంటికి ఆనని పలుచని మంచు పొర, ఉందనే అనుకోవాలి. రోడ్డు గాలి కంటే చల్లగా ఉండవచ్చు. ఉప్పు లారీలు బస్సులు తిరిగే రోడ్లలోనే వెళ్తాయి, సన్నని పల్లె దారుల్లోకి రావు. పొలాల్లోంచి దారికి అడ్డంగా పారే నీళ్లు రాత్రికి గడ్డకట్టి, తడిగానే కనిపిస్తూ పొద్దున పది దాటినా కరగవు. అలాంటి రోజు పెద్ద రోడ్లు పట్టుకోండి, లేదా మధ్యాహ్నం దాకా ఆగండి. దాని మీదికి ఎక్కేశాకే తెలిస్తే బ్రేకు పట్టుకోవద్దు, హ్యాండిల్ తిప్పొద్దు, పెడల్ ఆపి నిటారుగా దాటనివ్వండి. ఇనుప మేకుల టైర్లు మంచు మీద నిజంగా పట్టునిస్తాయి, కానీ అవి రోడ్ బైకుల ఫ్రేములో దాదాపుగా పట్టవు. రోజూ గడ్డకట్టే ఊళ్లో ఉంటే దానికి వేరే సైకిలే దారి.