గ్రీన్ కార్డు పోకుండా, కుటుంబాన్ని అమెరికాలో ఉంచి ఇండియాలో ఉద్యోగం చేయడం ఎలా?

భార్యను, ఇద్దరు పిల్లలను డాలస్‌లో ఉంచి, నల్లగొండలో ఒంటరిగా ఉన్న అమ్మకు అందుబాటులో ఉండాలని హైదరాబాద్‌లో ఉద్యోగానికి ఒప్పుకున్నవాణ్ని నేను. నాకోసం రెండుసార్లు, బంధువుల కోసం మరో ఏడెనిమిదిసార్లు రీ-ఎంట్రీ పర్మిట్ (గ్రీన్ కార్డు ఉన్నవారు ఎక్కువకాలం బయట ఉండి తిరిగి రావడానికి ఇచ్చే అనుమతి) దరఖాస్తులు నింపాను కనుక ఈ పని ఎక్కడ చెడుతుందో నాకు బాగా తెలుసు. ఏటా దసరాకు ఊరికి వచ్చినవారిలో ఒకరైనా గడియారం సెంటర్ దగ్గర చాయ్ తాగుతూ, "ఆరు నెలలకోసారి అమెరికా పోయి ముట్టుకొస్తే సాలదా అన్నా?" అని అడుగుతారు. చాలదు. ఆ ఒక్క మాట నమ్మి చిక్కుల్లో పడ్డవారిని చూసి చూసి విసిగి ఇది రాస్తున్నాను.

ఆరు నెలల లెక్కకు ఆధారం లేకపోలేదు. గ్రీన్ కార్డు ఉన్నవారు వరుసగా 180 రోజులకు మించి అమెరికా బయట ఉండి తిరిగి వస్తే, చట్టం వారిని కొత్తగా ప్రవేశం కోరుతున్నవారిగా పరిగణించవచ్చు. ఏడాది దాటితే ఒట్టి కార్డు చూపి లోపలికి రావడానికే వీలుండదు. ఈ రెండు గీతలూ నిజమే కానీ, గీత దాటనంత మాత్రాన కార్డు భద్రమని ఎక్కడా లేదు. మీ స్థిరనివాసం ఏ దేశంలో ఉంది, మీరు బయటికి వెళ్లింది తాత్కాలికమైన పని మీదనేనా అన్నదే అధికారి తేల్చుకోవలసిన అసలు విషయం. మా మామగారు మూడేళ్లపాటు ఐదు నెలలు మిర్యాలగూడలో, మూడు వారాలు మా ఇంట్లో చొప్పున లెక్క తప్పకుండా తిరిగారు. ఒకసారి విమానాశ్రయంలో అధికారి దుభాషి ద్వారా "మీరు ఎక్కడ ఉంటారు?" అని అడిగితే, ఆయన ఉన్నదున్నట్లుగా "మిర్యాలగూడల ఉంట, రైస్ మిల్లు చూసుకుంట, మనుమలను చూసిపోదామని వచ్చిన" అన్నారు. ఐదు గంటలు లోపలి గదిలో కూర్చోబెట్టి, ఇంకోసారి ఇలా వస్తే ఊరుకోమని హెచ్చరించి పంపారు. ఆయన అబద్ధమాడి ఉండవలసిందని నేను అనడం లేదు. నిజం చెప్పినా నిలబడేటట్లు మన ఏర్పాట్లు ఉండాలంటున్నాను.

అందుకు రీ-ఎంట్రీ పర్మిట్‌ను మించిన మార్గం లేదు. చూడటానికి పాస్‌పోర్టులా ఉండే ఈ పుస్తకం సాధారణంగా 2 ఏళ్లు చెల్లుతుంది. అది చేతిలో ఉంటే, ఎక్కువకాలం బయట ఉన్నారన్న ఒక్క కారణంతో మీరు నివాసాన్ని వదులుకున్నట్లు తేల్చరు. ముట్టుకొచ్చే ప్రయాణాలకు ఏటా రెండు టికెట్ల డబ్బు పోసేవారు పర్మిట్ ఫీజు ఎక్కువని వెనుకాడటం నాకు ఇప్పటికీ అర్థం కాదు.

కాగితాలు కూర్చుకోవడం ఒక పూట పని. ఈ పర్మిట్ కోరే ఐ-131 ఫారం, గ్రీన్ కార్డుకు రెండు వైపులా నకలు, ఫీజు ఉంటే చాలు. ఫారం ఏ తేదీ కూర్పో, ఫీజు ఎంతో, ఎలా చెల్లించాలో పంపే రోజునే యూఎస్‌సీఐఎస్ (అమెరికా వలస సేవల విభాగం) వెబ్‌సైటులో చూడండి. పాత కూర్పు పంపితే కట్ట కట్టి వెనక్కి పంపిస్తారు. ప్రయాణ కారణం రాయమన్నచోట "అమ్మతో ఉండటానికి" అని మాత్రం రాయకండి. ఆ మాటకు ముగింపు లేదు. పని ఎప్పుడు మొదలై ఎప్పుడు ముగుస్తుందో తెలిసేటట్లు రాయండి. ఉద్యోగమిచ్చే సంస్థ నుంచి ముగింపు తేదీతో ఉత్తరం తీసుకోకుండా ఈ దరఖాస్తు పంపనే కూడదు. అది తప్పనిసరని ఫారంలో ఎక్కడా లేదు, నా దగ్గర మాత్రం తప్పనిసరే. నా మొదటి ఉత్తరంలో "18 నెలల ప్రాజెక్టు" అన్న ఒక్క వాక్యం చేర్పించడానికి హెచ్‌ఆర్ విభాగం చుట్టూ మూడు వారాలు తిరిగాను. తర్వాత విమానాశ్రయంలో అధికారి వేలు పెట్టి చదివింది ఆ వాక్యాన్నే.

ఇక అందరూ బోల్తా పడే చోటుకు వద్దాం. ఈ దరఖాస్తును అమెరికా గడ్డ మీద ఉండగానే వేయాలి. హైదరాబాద్‌కు వచ్చాక, నానక్‌రాంగూడలోని అమెరికా కాన్సులేట్‌కు వెళ్లి వేద్దామంటే కుదరదు. సంతకం పెట్టి వచ్చాను, మా ఆవిడ పోస్టు చేస్తుంది అనేవారున్నారు. అదీ కుదరదు. కవరు యూఎస్‌సీఐఎస్‌కు చేరి నమోదైన నాటికి మీరు దేశంలో ఉండాలి, మీరు ఏ రోజు విమానం ఎక్కారో వారి రికార్డుల్లో ఉంటుంది. అందుకే రసీదు ఉత్తరం చేతికి రానిదే నేను సూట్‌కేసు కిందికి దించను.

రసీదు వచ్చాక వేలిముద్రల పిలుపు వస్తుంది. 14 నుంచి 79 ఏళ్ల వరకు ఉన్నవారందరికీ ఇది ఉంటుంది. కొందరికి పాత ముద్రలనే వాడుకుంటున్నట్లు ఉత్తరం వస్తుంది కానీ, ఆ అదృష్టం మీద ఆశ పెట్టుకుని టికెట్ కొనకండి. దేవరకొండకు చెందిన మా బావ, చెల్లెలి పెండ్లి ముహూర్తం దగ్గరపడిందని, వేలిముద్రల తేదీ నాలుగు రోజులుందనగా విమానం ఎక్కాడు. తేదీ మార్పించుకోవచ్చు నిజమే, కానీ కొత్త తేదీకీ మనిషి అక్కడే ఉండాలి కదా! పెండ్లి పందిరి విప్పకముందే మళ్లీ టికెట్ కొని, ఇరవై నిమిషాల పనికి రెండు సముద్రాలు దాటాడు. వెళ్లకపోయి ఉంటే దరఖాస్తును వదిలేసినట్లు భావించి కొట్టివేసేవారు. ఫీజూ తిరిగి రాదు.

పెద్దవారి విషయంలో ఇంకో జాగ్రత్త ఉంది. ఏళ్ల తరబడి నాట్లు వేసి, కలుపు తీసిన వేళ్ల మీద గీతలు మిగలవు. మా అత్తగారి బొటనవేలిని ఆ గాజుపలక మీద పదిసార్లు ఒత్తినా యంత్రం ఒప్పుకోక, రెండోసారి పిలిచారు. అప్పటి నుంచి పిలుపు వచ్చిన రోజే మొదలుపెట్టి ప్రతి రాత్రీ వేళ్లకు కొబ్బరినూనె రాసి, వెళ్లే రోజు ఉదయం మాత్రం సబ్బుతో శుభ్రంగా కడుక్కుని వెళ్లమంటున్నాను. ఈ కారణాలన్నీ కలిపి నా నియమం ఒకటే: ప్రయాణానికి మూడు నెలల ముందు దరఖాస్తు, వేలిముద్రలు పూర్తయిన తర్వాతే టికెట్.

వేలిముద్రలు ఇచ్చాక నిశ్చింతగా బయలుదేరవచ్చు, మీరు వెళ్లిపోయినందుకు దరఖాస్తు ఆగదు. పర్మిట్ రావడానికి నెలల తరబడి పడుతుంది. దాన్ని విదేశంలోని కాన్సులేట్‌కు పంపమని కోరే వీలున్నా, నేను డాలస్ ఇంటి చిరునామానే ఇస్తాను. ఇంటికి వచ్చిన ఉత్తరాన్ని భార్య తెరిచి చూసినంత శ్రద్ధగా ఇంకెవరూ చూడరు.

ఇండియాలో ఉన్నంతకాలం అమెరికాలోని ఇల్లు ఇల్లుగానే ఉండాలి. అద్దె ఒప్పందంలో మీ పేరు, డ్రైవింగ్ లైసెన్సు, బ్యాంకు ఖాతా కొనసాగాలి. ఇల్లు మారితే 10 రోజుల్లో ఏఆర్-11 అనే చిరునామా మార్పు ఫారం ద్వారా యూఎస్‌సీఐఎస్‌కు తెలపాలి. పన్ను సంగతి మరీ ముఖ్యం. హైదరాబాద్ జీతంతో సహా మొత్తం ఆదాయాన్ని చూపి, నివాసిగా 1040 అనే అమెరికా ఆదాయపు పన్ను రిటర్ను దాఖలు చేయాలి. ఇక్కడ కట్టిన పన్నుకు అక్కడ మినహాయింపు కోరవచ్చు. నాలుగు డాలర్లు మిగులుతాయని నాన్-రెసిడెంట్‌గా దాఖలు చేస్తే, నివాసం వదులుకున్నానని మీరే రాసిచ్చినట్లవుతుంది. భారతదేశంలోని ఖాతాలన్నీ కలిపి ఏడాదిలో ఏ ఒక్క రోజైనా 10,000 డాలర్లు దాటితే ఎఫ్‌బార్ (విదేశీ ఖాతాల వివరాలు తెలిపే నివేదిక) కూడా వేయాలి, ఫిక్స్‌డ్ డిపాజిట్లను మరిచిపోకండి.

పౌరసత్వం లెక్క వేరు. పర్మిట్ మీ గ్రీన్ కార్డును కాపాడుతుంది తప్ప, పౌరసత్వానికి కావలసిన నిరంతర నివాసాన్ని కాపాడదు. వరుసగా ఏడాది బయట ఉంటే ఆ లెక్క తెగిపోతుంది. ఆ లెక్క తెగకుండా కాపాడమని కోరే ఎన్-470 దరఖాస్తు కొన్ని రకాల సంస్థల్లో పనిచేసేవారికే కనుక మనలో చాలామందికి పనికిరాదు.

తిరుగు ప్రయాణంలో పర్మిట్, సంస్థ ఉత్తరం, అద్దె ఒప్పందం, పన్ను పత్రాలు చేతిసంచిలో పెట్టుకోండి. చెకిన్ సామానులో వేసినవి అక్కరకు రావు. 2014 నుంచి అబుదాబిలో అమెరికా అధికారులే ముందస్తు తనిఖీ చేస్తున్నారు. అనుమానం వస్తే విమానం ఎక్కనివ్వక అక్కడే ఆపగలరు కనుక, కాగితాలు బలహీనంగా ఉన్నవారు ఆ దారిన వెళ్లకూడదని నా అభిప్రాయం. అమెరికాలో దిగాక ఎవరైనా ఐ-407 అనే ఫారం ముందు పెట్టి సంతకం చేయమంటే, అది కార్డును స్వచ్ఛందంగా వదులుకునే పత్రమని గుర్తించండి. సంతకం పెట్టి తీరాలని లేదు. ఇమ్మిగ్రేషన్ న్యాయమూర్తి ముందు వాదన చెప్పుకుంటానని మర్యాదగా అడగవచ్చు.

పర్మిట్ గడువును పొడిగించరు. ఇంకా పని మిగిలి ఉంటే గడువు తీరకముందే అమెరికా వెళ్లి, అక్కడ ఉండగానే కొత్తది వేసి, మళ్లీ వేలిముద్రల దాకా ఆగాలి. గత ఐదేళ్లలో మొత్తం నాలుగేళ్లకు మించి బయట ఉన్నట్లు తేలితే ఈసారి ఇచ్చేది ఏడాదికే. నా రెండో పర్మిట్ వచ్చే ఏడాది వేసవిలో ముగుస్తుంది. మూడోది వేయను, అమ్మకు ఆ సంగతి ఇంకా చెప్పలేదు.