ఇంట్ల మూడు బండ్లు, పొద్దున ఒక్కటీ కదలదు

హన్మకొండలో మా షెడ్డు కింద మూడు బండ్లున్నయి. పెట్రోల్ ఆల్టో, డీజిల్ స్విఫ్ట్, పరకాల దిక్కు పొలానికి పోయే పాత బొలెరో. అయినా పెళ్లికి ఆటో మాట్లాడుకుని పోయిన రోజులున్నయి. ఒకటి మొరాయిస్తే ‘ఇంకోటుంది గదా’ అని పక్కన పెడతం. నెల తిరిగేసరికి దాని బ్యాటరీ, బ్రేకులు కూడా పోతయి.

సెల్ఫ్ కొడితే టిక్ టిక్ అంటది, ఇంజన్ తిరగదు

హెడ్‌లైట్లు వేసి సెల్ఫ్ కొట్టండి. లైట్లు డల్ అయితే బ్యాటరీ డౌన్, లేదంటే టెర్మినల్ లూజు. లైట్లు అట్లనే వెలిగితే సెల్ఫ్ మోటార్ దిక్కు చూడాలె. టెర్మినల్ మీద తెల్లటి, పచ్చటి పొడి పేరుకుంటే వేడినీళ్లల్ల తినే సోడా కలిపి కడిగి, ఆరినంక వాజ్‌లైన్ రాయండి. విప్పేటప్పుడు మైనస్ ముందు, బిగించేటప్పుడు మైనస్ చివర.

వోల్టులు, ఆంప్స్ కొలిచే ఒక మల్టీమీటర్ కొనిపెట్టుకోండి. పొద్దున బండి తీయకముందు 12.6 వోల్టులుంటే ఫుల్, 12.2 అంటే సగమే. ఇంజన్ నడుస్తుంటే మామూలుగా 13.8 నుంచి 14.4 రావాలె. 12 దగ్గరే ఆగితే ఆల్టర్నేటర్ ఛార్జ్ ఇస్తలేదు, కొత్త బ్యాటరీ వేసినా అదీ చస్తది.

బ్యాటరీ, ఆల్టర్నేటర్ రెండూ బాగానే ఉండి, నాలుగు రోజులు నిలబెడితే మళ్లీ డౌన్ అయితుందా? ఏదో కరెంటు గుంజుతున్నట్టే. మా బొలెరోకు బిగించిన జీపీఎస్ డబ్బా ఇదే పని చేసింది. అది దొరికేలోపు నేను రెండుసార్లు ఆల్టో బ్యాటరీ విప్పి దానికి పెట్టిన, అంటే రెండు బండ్లూ మూలకు పడ్డయి. తాళం వేసి అరగంట ఆగి మైనస్ వైరు విప్పి, ఆ వైరుకు బ్యాటరీకి మధ్యల మీటరును ఆంప్స్ మీద పెడితే 50 మిల్లీఆంప్స్ లోపు ఉండాలె. ఎక్కువుంటే ఫ్యూజులు ఒక్కొక్కటే పీకండి, ఏది పీకితే తగ్గిందో దొంగ ఆ లైన్లనే ఉన్నడు.

రోజూ ఐదు నిమిషాలు ఆన్ చేసి ఆపితే లాభం లేదు. స్టార్టింగుకు తిన్న కరెంటు కూడా తిరిగి రాదు. వారానికొకసారి అరగంట రోడ్డెక్కించాలె.

సెల్ఫ్ మంచిగ తిరుగుతది, ఇంజన్ అందుకోదు

డీజిల్ బండైతే చాలాసార్లు డీజిల్ లైన్ల గాలి చేరి ఉంటది, లేదా ఫిల్టర్ల నీళ్లు. ఫిల్టర్ దగ్గర చేతి పంపు గట్టిపడేదాక నొక్కండి, కిందున్న నట్టు వదులు చేసి నీళ్లు తీయండి. పెట్రోల్ బండైతే ముందు బానెట్ ఎత్తి ఎలుకలు చూడండి. మా ఆల్టోల వైరు మీది ప్లాస్టిక్ మొత్తం ఒలిచినట్టు కొరికి, ఇంజన్ మీద వడ్ల పొట్టు కుప్ప పోసినయి. ధాన్యం బస్తాల పక్కన బండి పెట్టిన తప్పు మాదే.

వానాకాలం తర్వాత బండి ముందుకు పోదు, వెనక చక్రాలు పట్టేసినయి

హ్యాండ్ బ్రేక్ వేసి వారాలు వదిలితే లైనర్లు డ్రమ్ముకు తుప్పుతో అంటుకుంటయి. కొద్దిగ ముందుకు, వెనక్కి ఆడిస్తే చాలాసార్లు విడిపోతయి. ఇంకోసారి గేర్‌ల పెట్టి, చక్రం కింద రాయి వేయండి.

మే ఎండల టెంపరేచర్ ముల్లు పైకి పోతుంది

ముల్లు కాజీపేట ట్రాఫిక్‌ల పైకి పోయి, స్పీడుగ పోయే ములుగు రోడ్డు మీద కిందికి దిగితే ఫ్యాన్ తిరుగుతలేదు. ఫ్యూజు, రిలే చూడండి. స్పీడుల పోతున్నా ఎక్కితే కూలెంట్ తక్కువ, థర్మోస్టాట్ (వేడిని బట్టి కూలెంట్‌కు దారి తెరిచే వాల్వు) పట్టేసింది, లేదా రేడియేటర్ జామ్. ఏసీ ఆపి పక్కకు పెట్టండి, వేడి మీద రేడియేటర్ మూత అసలు తియ్యొద్దు. బోరు నీళ్లు పోస్తే లోపల ఉప్పు తెట్టె కడుతది. ఆయిల్ పాల చాయ రంగుల కనిపిస్తే హెడ్ గాస్కెట్ (ఇంజన్ల ఆయిల్, కూలెంట్ కలవకుండ ఆపే సీలు) పోయిందని అనుమానం, అక్కడి నుంచి బండి నడపకుండ టోయింగ్ చేయించండి.

నీళ్లల్ల మునిగిన బండి

2023 జూలైల మా దిక్కు పడ్డట్టు వాన పడి నీళ్లు ఇంజన్ దాక వస్తే తాళం కూడా పెట్టొద్దు. సిలిండర్ల నీళ్లుండంగ సెల్ఫ్ కొడితే పిస్టన్‌కు ఉండే కనెక్టింగ్ రాడ్ వంగుతది. బ్యాటరీ మైనస్ తీసి, ఫొటోలు కొట్టి, ఇన్సూరెన్సుకు ఫోన్ చేయండి.

ఇప్పుడు షెడ్డుల మేకుకు ఒక నోట్‌బుక్ వేలాడుతది. ఒక్కో బండికి ఒక్కో పేజీ, కిలోమీటర్లు, ఆయిల్ మార్చిన తేదీ, ఇన్సూరెన్స్ గడువు. మా మెకానిక్ అన్న బానెట్ ఎత్తకముందు అదే అడుగుతడు.