పేమెంట్ గేట్‌వే కలిపే ముందు: కోడ్ మొదలుపెట్టకముందే చూసుకోవాల్సినవి

ఆన్‌లైన్‌లో కస్టమర్ దగ్గర డబ్బు తీసుకుని మనకి చేర్చే సర్వీసే గేట్‌వే. ఆ కంపెనీకి కేవైసీ కాగితాలు ఈరోజే పంపేయండి. ఉత్తుత్తి పేమెంట్లతో పరీక్షించుకునే టెస్ట్ కీ వెంటనే దొరుకుతుంది కానీ, నిజం డబ్బు తీసుకునే లైవ్ కీ రావాలంటే అకౌంట్ ఆమోదం కావాలి.

డబ్బు ఏ లెక్కలో పంపాలో డాక్యుమెంటేషన్‌లో చదవండి. రేజర్‌పే అనే గేట్‌వే పైసల్లో అడుగుతుంది. ₹499 అయితే 49900 పంపాలి. 499 అని పంపితే కస్టమర్ దగ్గర కట్ అయ్యేది ₹4.99 మాత్రమే.

అన్నిటికంటే ఎక్కువసేపు కూర్చోవాల్సింది వెబ్‌హుక్ దగ్గర, అంటే పేమెంట్ ఏమైందో గేట్‌వే నేరుగా మన సర్వర్‌కి పంపే కబురు దగ్గర. యూపీఐలో పిన్ కొట్టేసి, మన యాప్‌కి తిరిగి రాకుండానే ఫోన్ జేబులో పెట్టేసేవాళ్లు చాలామంది. అందుకే స్క్రీన్ మీద కనిపించే ‘సక్సెస్’ని నమ్మి ఆర్డర్ ఖాయం చేయకండి. సర్వర్‌కి వచ్చిన వెబ్‌హుక్ సిగ్నేచర్ (అది గేట్‌వే నుంచే వచ్చిందని చెప్పే గుర్తు) సరిచూశాకే చేయండి. అదే వెబ్‌హుక్ రెండోసారి కూడా రావచ్చు, వరుస తప్పీ రావచ్చు. మా మొదటి ప్రాజెక్టులో ఒక్క పేమెంట్‌కి రెండు ఆర్డర్లు వెళ్లిపోయాయి. టేబుల్‌లో పేమెంట్ ఐడీని యూనిక్‌గా (అదే ఐడీ రెండోసారి ఎక్కకుండా) పెట్టి ఉంటే ఆగిపోయేది.

‘పెండింగ్’కి ఒక స్క్రీన్ ముందే గీసి పెట్టుకోండి. డబ్బు కట్ అయి ఆర్డర్ కనిపించకపోతే కస్టమర్ పడే టెన్షన్ చిన్నది కాదు. అప్పుడు ‘మళ్లీ ప్రయత్నించండి’ అని మాత్రం చూపించకండి.

కార్డు నంబర్లు మీ డేటాబేస్‌లో దాచే ఆలోచన ఉంటే మానుకోండి. ఆర్‌బీఐ నిబంధన ప్రకారం 2022 అక్టోబర్ 1 నుంచి వ్యాపారులు వాటిని దాచకూడదు, కార్డు నంబర్‌కి బదులుగా ఇచ్చే కోడ్‌లు, అంటే టోకెన్లే వాడాలి.

సర్వర్ టైమ్ యూటీసీలో (ప్రపంచ ప్రామాణిక సమయంలో) ఉందేమో చూడండి. మన టైమ్‌కి 5:30 గంటలు వెనక కాబట్టి, రాత్రి ఒంటిగంటకి వచ్చిన డబ్బు ముందురోజు లెక్కలో పడుతుంది.

రీఫండ్లు, సెటిల్‌మెంట్ (గేట్‌వే మన బ్యాంకు ఖాతాలో డబ్బు వేయడం) లెక్కల గురించి మీ అకౌంటెంట్‌ని ఒక్క అరగంట కూర్చోబెట్టి అడగండి.