కొత్త మోటారును ఫైబర్ పడవకు కుదుర్చుకోవడం

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు సాగే 61 రోజుల వేట నిషేధం ముగిసిన మర్నాడు కళింగపట్నం, భావనపాడు, బారువ తీరాల్లో కొత్త మోటార్లు బిగించిన పడవలు ఎన్నో ఒక్కసారిగా సముద్రంలోకి దిగుతాయి. ముందురోజు రాత్రి బిగించిన మోటారుతో తెల్లవారకముందే వేటకు పోయి, మధ్యాహ్నానికి "ఇంజను మంచిది కాదు" అంటూ తిరిగివచ్చే వారిని చూసినప్పుడల్లా నాకు బాధ కలుగుతుంది. ఎందుకంటే నా చేతికి వచ్చిన అటువంటి మోటార్లలో ఎక్కువ భాగానికి ఇంజనులో ఏ లోపమూ ఉండదు. మోటారు కూర్చున్న ఎత్తో, వంగిన కోణమో, పడవలో బరువు సర్దిన తీరో కుదరక అవి అలా నడుస్తాయి. వీటిని సరిచూసుకోవడానికి మొదటి వేటకు ముందు ఒక రోజు పూర్తిగా కేటాయించండి.

ఈ పరీక్షను కెరటాల్లో మొదలుపెట్టకూడదు. కళింగపట్నం దగ్గర వంశధార సముద్రంలో కలిసేచోట మొగకు లోపలి వైపు గాని, కోనాడ దగ్గర చంపావతిలో గాని, పోటు నిండి నీరు నిలకడగా ఉన్న వేళ చూసుకుని దిగడం మంచిది. పడవలో మీతోపాటు ఇంకొకరు ఉండాలి. ఇద్దరూ లైఫ్ జాకెట్లు వేసుకోవాలి. తెడ్లు, లంగరు, తాడు తప్పనిసరిగా ఉండాలి.

ముందుగా ఎత్తు చూడండి. చిన్న మోటార్లు సాధారణంగా 15 అంగుళాల పొట్టి కాలుతోను (కాలు అంటే పలక నుంచి నీటి వైపు దిగే కింది భాగం), 20 అంగుళాల పొడుగు కాలుతోను దొరుకుతాయి గనుక, కొనకముందే పడవ వెనుక పలక ఎత్తును టేపుతో కొలిచి తీసుకుపోవాలి. మోటారును తగిలించాక, నీటిలో తిరిగి పడవను తోసే ఫ్యాన్‌కు పైన అడ్డంగా ఉండే రేకు పడవ అడుగుకు సమంగా గాని, దానికంటే ఒక అంగుళం లోపు కిందుగా గాని ఉండాలి. పడవ అడుగున ఒక తిన్నని చెక్కను ఆనించి వెనక్కి పొడిగిస్తే ఈ సంగతి కంటికే తెలిసిపోతుంది. రేకు మరీ కిందికి దిగితే మోటారు నీటిని వృథాగా ఈడుస్తుంది, డీజిలైనా కిరోసినైనా పెట్రోలైనా అదనంగా తాగుతుంది. మరీ పైకి ఉంటే ఫ్యాన్ గాలిని పట్టుకుంటుంది. ఈ రెండో తప్పు నేనే చేశాను. వెనుక పలక పాడైతే కొత్త చెక్క వేయించి, అది రెండు అంగుళాలు పెరిగిన సంగతి గమనించకుండా మోటారు తగిలించాను. ఏటిలో అది బాగానే నడిచింది. కెరటాల వరుసలోకి పోగానే అమరం, అంటే పడవ వెనుక భాగం, పైకి లేచింది, ఇంజను ఒక్కసారిగా అరిచింది, పడవ మాత్రం ముందుకు కదలలేదు; ఆ వెంటనే వచ్చిన కెరటం మమ్మల్ని అడ్డంగా తిప్పేసింది. ప్రాణాలతో ఒడ్డుకు చేరాం గాని, వల పోయింది.

బిగింపు మరలను చేతితో బిగించి వదిలేయకుండా, పలక గుండా బోల్టులు కూడా వేయించి, మోటారును పడవకు గట్టి తాడుతోనో గొలుసుతోనో కట్టాలి. మొదటి రోజు నడిపాక బోల్టులు కొంత వదులవుతాయి కాబట్టి సాయంత్రం మళ్లీ బిగించాలి.

ఇంధనంలో నూనె కలిపే మోటారైతే ఎంత కలపాలో దానితో వచ్చిన పుస్తకం చూసి కలపండి. 50కి 1 అని ఉంటే లీటరుకు 20 మిల్లీలీటర్లు, 25కి 1 అని ఉంటే 40 మిల్లీలీటర్లు. కొత్తలో మొదటి కొన్ని గంటలకు ఎక్కువ నూనె అడిగే మోటార్లు ఉన్నాయి. కిరోసిన్ మోటారును పెట్రోలుతో మొదలుపెట్టి వేడెక్కాక కిరోసిన్‌కు మార్చాలి, ఆపే ముందు తిరిగి పెట్రోలుకు మార్చాలి. మోటారు స్టార్ట్ కాగానే వెనుక సన్నని రంధ్రంలోంచి నీటి ధార వస్తుందో లేదో చూసి, దాని కింద అరచేయి పెట్టండి. గోరువెచ్చగా, తెగకుండా పడుతూ ఉంటే లోపల నీరు తిరుగుతున్నట్టే. ధార రాకపోతే అర నిమిషం కూడా ఆగకుండా ఆపేయాలి. మన తీరంలో చాలాసార్లు అక్కడ ఇసుకే అడ్డుపడి ఉంటుంది, సన్నని తీగతో పొడిస్తే వదులుతుంది. అయినా రాకపోతే మెకానిక్‌కు చూపించేదాకా నడపవద్దు. కొత్త మోటారును మొదటి పది గంటలూ ఒకే వేగంలో నడపకుండా, పూర్తి వేగంలో ఎక్కువసేపు ఉంచకుండా నడపాలి.

అసలు పని ఆ తర్వాత ఉంది. మోటారును తగిలించిన ఇనుప పట్టీలో వరుసగా రంధ్రాలు, వాటిలో ఒక పిన్ను ఉంటాయి; ఆ పిన్ను ఏ రంధ్రంలో ఉందో దాన్నిబట్టి మోటారు కాలు పడవ వైపు ఎంత వంగుతుందో నిర్ణయమవుతుంది. మధ్య రంధ్రంతో మొదలుపెట్టండి. కాలు పడవ వైపు ఎక్కువగా వంగితే పడవ ముందు భాగమైన అణియం నీటిలోకి దిగబడి, నీళ్లను తోసుకుంటూ పడవ బరువుగా నడుస్తుంది. కాలు బయటికి ఎక్కువగా పోతే అణియం లేచి కొట్టుకుంటుంది, మలుపులో ఫ్యాన్ గాలి పట్టుకుంటుంది. ఒక్కొక్క రంధ్రం మార్చి, ఒకే దూరాన్ని ఏటికి ఎదురుగా ఒకసారి, వాలుగా ఒకసారి నడిపి, ఫోనులో వేగం చూసి రెండింటి సగటు కాగితం మీద రాసుకోండి. ఒకవైపే చూస్తే నీటి వాలు మిమ్మల్ని మోసం చేస్తుంది. రెండు మార్పులు ఒకేసారి చేయవద్దు, చేస్తే మేలు దేనివల్ల జరిగిందో తెలియదు.

ఈ పరీక్షను ఖాళీ పడవతో చేసి ఆగిపోకూడదు. వేటకు పోయేటప్పుడు వల, మంచు పెట్టె, ఇంధనపు డబ్బా, మనుషులు ఎక్కడ ఉంటారో అక్కడే అంత బరువు పెట్టి మళ్లీ చూడాలి. ఇసుక నింపిన గోనె సంచులు ఇందుకు చాలా ఉపయోగపడతాయి. అణియం లేస్తున్నదని పిన్ను మార్చేముందు, డబ్బాను రెండు అడుగులు ముందుకు జరిపి చూడండి. నా అనుభవంలో సగం తకరారు అక్కడే తీరిపోతుంది.

నిండు బరువుతో పూర్తి వేగంలో ఇంజను తిరుగుడు పుస్తకంలో చెప్పినంతకు చేరకపోతే, ఫ్యాన్ పిచ్, అంటే ఒక చుట్టుకు అది ముందుకు పోయే దూరం, ఎక్కువైనట్టు, దాటిపోతే తక్కువైనట్టు. ఒక అంగుళం పిచ్ తగ్గిస్తే నిమిషానికి సుమారు 200 చుట్లు పెరుగుతాయి. తిరుగుడు కొలిచే చిన్న మీటరును మెకానిక్‌ను అడిగి తెచ్చుకోవచ్చు. హ్యాండిల్ ఒక పక్కకే లాగుతుంటే, ఫ్యాన్ పైన ఉండే చిన్న రెక్క మరను వదులు చేయండి. పడవ ఎడమకు పోతుంటే రెక్క వెనుక కొసను ఎడమకు, కుడికి పోతుంటే కుడికి కొద్దిగా తిప్పి బిగించండి.

ఇవన్నీ కుదిరాకే కెరటాల్లోకి పోవాలి. మనిషి పడిపోతే ఇంజనును ఆపేసే, చేతికి కట్టుకునే ఆపుడు తాడు ఆ రోజు తప్పక కట్టుకోవాలి. తిరిగి వచ్చాక మోటారును మంచినీటి డ్రమ్ములో ఉంచి ఐదు నుంచి పది నిమిషాలు నడిపితే ఉప్పు పోతుంది. పది గంటలు నిండాక గేరు నూనెను ఒక గిన్నెలోకి దింపి రంగు చూడండి. అది మజ్జిగలా తెల్లగా ఉంటే సీలు గుండా నీరు లోపలికి పోయినట్టు, ఇక మరునాడు వేటకు పోకుండా దాన్ని మెకానిక్ దగ్గరికి తీసుకుపోవాలి.