ఎన్‌జిన్‌ఎక్స్ సర్వర్‌లో అడ్మిన్ దారిని మూయడం ఎలా?

సైటు అందరికీ తెరిచి ఉన్నా, దాని అడ్మిన్ పేజీలు నిర్వాహకులకు మాత్రమే అందాలి. ఇందుకోసం చాలామంది, సెర్చ్ ఇంజిన్లు ఏ పేజీలు చూడొద్దో చెప్పే రోబోట్స్ ఫైలులో ఆ దారి పేరు రాసి ఊరుకుంటారు. దయచేసి దాన్ని నమ్ముకోకండి. ఆ ఫైలును ఎవరైనా తెరిచి చదవవచ్చు. సెర్చ్ ఇంజిన్లకు అది విన్నపమే గానీ ఎవరినీ ఆపదు. బీరువా ఎక్కడుందో వీధి తలుపు మీద రాసిపెట్టినట్లే.

ముందుగా కాన్ఫిగరేషన్ ఫైలుకు ఒక నకలు తీసి పెట్టుకోండి. తర్వాత మీ సైటు సర్వర్ బ్లాకులో '/అడ్మిన్/' దారికి ఒక లొకేషన్ బ్లాకు (ఆ దారికి వర్తించే నియమాలు రాసే భాగం) తెరవండి. అందులో మొదటి వరుసలో 'అలౌ' అని రాసి పక్కన మీ ఆఫీసు ఐపీ అడ్రసు ఇవ్వండి. రెండో వరుసలో 'డినై ఆల్' రాయండి. సర్వర్ పైనుంచి చదువుకుంటూ వచ్చి, మొదట సరిపోయిన నియమం దగ్గరే ఆగుతుంది. 'డినై ఆల్' పైన ఉంటే మీకూ ప్రవేశం ఉండదు. ఐపీ తరచూ మారేవారు పాస్‌వర్డ్ పెట్టుకోవచ్చు, కానీ సమాచారాన్ని గుప్తంగా పంపే హెచ్‌టీటీపీఎస్ ఉంటేనే.

చాలా సైట్లలో అసలు కన్నం ఇక్కడే మిగిలిపోతుంది. '/అడ్మిన్/' అని కొడితే 403 (ప్రవేశం లేదనే జవాబు) వస్తుంది, పని అయిపోయిందనిపిస్తుంది. అదే దారిలోని ఇండెక్స్ పీహెచ్‌పీ ఫైలు పేరు పూర్తిగా కొట్టి చూడండి, లాగిన్ పేజీ తెరుచుకోవచ్చు! పీహెచ్‌పీ ఫైళ్ల కోసం రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్‌తో (పేర్లను పోల్చే నమూనాతో) రాసిన మరో లొకేషన్ బ్లాకు ఉంటే, మామూలు దారి కంటే దానికే ప్రాధాన్యం. అప్పుడు మీ నియమాల దాకా ఆ అభ్యర్థన రానేరాదు.

దీనికి విరుగుడుగా దారి పేరుకు ముందు '^~' గుర్తు పెట్టండి. పీహెచ్‌పీని నడిపే బ్లాకును కూడా ఈ బ్లాకు లోపలే మరోసారి రాయండి. అది మరిస్తే, అనుమతి ఉన్నవారికి పేజీకి బదులు ఫైలులోని కోడే చేతికొస్తుంది.

సర్వర్ ముందు, అభ్యర్థనలను సర్వర్లకు పంచే లోడ్ బ్యాలెన్సర్ ఉంటే, వచ్చేవారంతా దాని ఐపీతోనే కనిపిస్తారు. దాన్ని అనుమతించారా, ఇక అందరికీ తలుపు తీసినట్లే. రియల్ ఐపీ మాడ్యూల్‌తో అసలు అడ్రసు అందేలా చూసుకోండి.

ఇక 'ఎన్‌జిన్‌ఎక్స్ -టి' కమాండుతో ఫైలులో తప్పులు లేవని చూసుకుని రీలోడ్ చేయండి. ఆఫీసు వైఫై ఆపి, ఫోనులో మొబైల్ డేటాతో రెండు చిరునామాలూ తెరవండి. రెండింటికీ 403 రావాలి. మళ్లీ వైఫైకి మారితే లాగిన్ పేజీ కనిపించాలి.